గ్యారేజీలో మోగిన లోహం

1966 జనవరి. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ ప్రాంతంలో ఒక ఇల్లు. కార్‌స్టన్ సోల్‌హైమ్ అనే యాభై నాలుగేళ్ల ఇంజనీరుకు ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టింది. చేతికి దగ్గర్లో తెల్లకాగితం లేదు. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒకటి ఉంది. దాని కాగితపు తొడుగు మీదే బొమ్మ గీసేశాడు. గోల్ఫ్ బంతిని గుంతలోకి దొర్లించే కర్ర తల అది. ఆ కర్రను పట్టర్ అంటారు. అప్పుడు గీసిన ఆ ఆకారాన్ని ఆ తర్వాతి అరవై ఏళ్లలో ఎందరు తయారీదారులు ఎన్నిసార్లు మళ్లీ పోతపోశారో, చెక్కారో లెక్క పెట్టడం కష్టం. ఇవాళ గోల్ఫ్ దుకాణానికి వెళ్లి ఏ కంపెనీ పట్టర్ల వరస చూసినా అందులో కనీసం ఒకటి ఆ రికార్డు తొడుగు మీది బొమ్మకు వారసురాలే.

గోల్ఫ్ తెలియని వాళ్లకు ఒక్కమాట. ఆటగాడు సంచిలో 14 కర్రల దాకా పెట్టుకోవచ్చు. మిగతా కర్రలు బంతిని గాల్లోకి లేపి దూరం పంపడానికి. పట్టర్ ఒక్కటే నేల మీద, నున్నగా కత్తిరించిన గడ్డి మీద దొర్లించడానికి. ఒక్కో గుంతకు రెండు పట్టర్ దెబ్బల చొప్పున కలిపి, పట్టాల్సిన దెబ్బల లెక్క, అంటే ‘పార్’, కడతారు. అంటే 72 పార్ ఉన్న మైదానంలో సగం, 36 దెబ్బలు, పట్టర్ ఖాతాలోకే వెళ్తాయి. మూడు వందల గజాల దెబ్బకూ మూడడుగుల దెబ్బకూ లెక్కలో విలువ ఒకటే. ఈ ఆటలో మనిషిని ఎక్కువ ఏడిపించేది ఆ మూడడుగులే. ఏడిపించే పనిముట్టు మీదే మనిషికి మమకారమూ ఎక్కువ. పట్టర్ కళాఖండం కావడానికి మూలం అక్కడుంది.

సోల్‌హైమ్‌నూ అదే ఏడిపించింది. 1911లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టాడు. రెండేళ్ల పిల్లవాడిగా ఉండగానే కుటుంబం అమెరికాలోని సియాటిల్‌కు వలస వెళ్లింది. తండ్రిది చెప్పులు కుట్టే పని. కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడు కానీ, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫీజు కట్టలేక మానేసి తనూ బూట్ల మరమ్మతు దుకాణం నడిపాడు. ఆ తర్వాత విమానాల కంపెనీలో పని దొరికింది. యుద్ధ విమానాల నుంచి అట్లాస్ క్షిపణి దాకా వచ్చి, 1953లో జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరాడు. గోల్ఫ్ కర్ర పట్టింది నలభై రెండో ఏట, అదీ ఆఫీసులో తోటివాళ్లు రమ్మంటేనే. దూరం కొట్టడం త్వరగానే వచ్చింది. గుంత దగ్గర మాత్రం బంతి మాట వినలేదు.

ఆటగాడైతే చేతిని తప్పుపట్టి సాధనకు దిగేవాడు. ఇంజనీరు కాబట్టి కర్రను అనుమానించాడు. అప్పటి పట్టర్లలో ఎక్కువ భాగం పలచటి రేకులాంటివి. బరువంతా ఒక్కచోటే గుమిగూడి ఉండేది. బంతి సరిగ్గా నడిమధ్య తగిలితే సరే. వేలెడు పక్కకు తగిలిందా, కర్ర తల చేతిలో మెలి తిరుగుతుంది, బంతి దారి తప్పుతుంది. బరువును నడుమ నుంచి తీసి రెండు చివరలకూ పంచితే? సోల్‌హైమ్ చక్కెర బిళ్లలూ ఐస్‌ఫ్రూట్ పుల్లలూ తెచ్చి, జిగురుతో అంటించి చూశాడు. చివరల్లో బరువున్న వస్తువు అంత సులువుగా తిరగదు. భౌతికశాస్త్రంలో ఇది ఇంటర్మీడియట్ పాఠం. అయితే ఆ పాఠాన్ని గోల్ఫ్ కర్ర తల మీద ఇంత పట్టుదలగా ప్రయోగించిన మనిషి ఆయనే.

1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, ఇంటి గ్యారేజీలో మొదటి పట్టర్ తయారైంది. దానికి ‘1ఏ’ అని పేరు పెట్టాడు. తలలో చీలికలున్న ఆ లోహం బంతికి తగలగానే సన్నగా, స్పష్టంగా మోగింది. ఆ మోతనే పేరుగా పెట్టుకుంది కంపెనీ: పింగ్. నిజం చెప్పాలంటే ఆ మోతను ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. గంభీరంగా సాగే ఆటలో గంట కొట్టినట్టు మోగే కర్రేమిటని వృత్తి ఆటగాళ్లు ముఖం చిట్లించారు. సోల్‌హైమ్ ఉద్యోగం మానలేదు. పగలు జనరల్ ఎలక్ట్రిక్, రాత్రి గ్యారేజీ. పిల్లలు సాయం చేసేవారు, భార్య లూయీస్ లెక్కలు చూసేది.

లూయీస్ చేసిన ఇంకో పని చరిత్రలో నిలిచింది. రికార్డు తొడుగు మీద గీసిన పట్టర్‌కు ‘ఆన్సర్’ అని పేరు సూచించింది ఆమే. పేరు బాగుంది, కర్ర తల మీద చోటు చాలలేదు. ఇంగ్లీషులో ఆ మాటలో పలకని అక్షరం ఒకటుంది కదా, దాన్ని తీసేయమందట. అలా ఒక అక్షరం తక్కువైన పేరుతోనే ఆ పట్టర్ లోకం చుట్టింది.

ఒకసారి ఆ తలను దగ్గర్నుంచి చూడండి. మాంగనీసు కలిపిన కంచు. వెనకవైపు నడుమ గుల్ల చేసి, రెండు చివరల్లో దిమ్మల్లా లోహం వదిలేశారు. కాడ వచ్చి తలను కలిసే చోట మెడ నిటారుగా దిగదు. నీళ్ల పైపుకు బిగించే మోచేతి ముక్కలాగా ఒకసారి వంగి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ వంకర వల్ల చేతులు తల కంటే కొంచెం ముందుంటాయి, బంతిని చూసే కంటికి కాడ అడ్డం రాదు. ఒక్క గీత కూడా అలంకారానికి గీసింది కాదు. ప్రతి మలుపూ ఏదో ఒక ఇబ్బందికి జవాబు. నా మటుకు నాకు ఇదే దాని అందం. తర్వాతి రోజుల్లో వచ్చిన నగిషీల పట్టర్లు చూసినప్పుడల్లా ఈ కంచు ముక్కే ఎక్కువ నచ్చుతుంది.

1967లో పేటెంటు వచ్చింది. అదే ఏడు జూలియస్ బోరోస్ ఆన్సర్‌తో ఫీనిక్స్ ఓపెన్ టోర్నీ గెలిచాడు. సోల్‌హైమ్ ఉద్యోగానికి రాజీనామా చేసి సొంత కంపెనీ పెట్టాడు. 1969లో జార్జ్ ఆర్చర్ అదే పట్టర్‌తో మాస్టర్స్ గెలిచాక ఎగతాళి ఆగిపోయింది.

సేకర్తల లోకం తమాషాగా ఉంటుంది. ఆన్సర్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. అన్నిటికీ ఒకే విలువ లేదు. కంపెనీ తన చిరునామాను తల మీదే ముద్రించేది. చిరునామా మారినప్పుడల్లా ముద్ర మారింది. ‘రెడ్‌వుడ్ సిటీ’ అని ఉంటే అది ఆన్సర్‌కు ముందటి, గ్యారేజీ కాలం నాటి పట్టర్. ‘స్కాట్స్‌డేల్’ అని ఉంటే ఆన్సర్ పుట్టిన తొలినాళ్లది. తర్వాత ఫీనిక్స్, ఆ తర్వాత ఫీనిక్స్ పిన్‌కోడు. ఊరి పేరును బట్టి వయసు తేలుస్తారు, వయసును బట్టి ధర. స్కాట్స్‌డేల్ ముద్ర ఉన్న ఆన్సర్ దొరికిందంటే సేకర్త ఇంట్లో పండగే. దాని మీద గీతలు, బంతి తగిలి తగిలి అరిగిన మచ్చ ఉన్నా ఫరవాలేదు. అవే సాక్ష్యం.

ఈ పిచ్చి అమెరికన్లతో మొదలైంది కాదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో హ్యూ ఫిల్ప్ అనే వడ్రంగి ఉండేవాడు. 1819లో అక్కడి గోల్ఫ్ సంఘానికి కర్రల తయారీదారుగా నియమించారు. అప్పటి పట్టర్ తల పొడుగ్గా, సన్నగా, పడవ మూతిలా ఉండేది. ముళ్లచెట్టు కర్రనో, ఆపిల్ కర్రనో చెక్కి, వెనకవైపు తొర్ర చేసి సీసం పోసేవారు. అడుగు అంచు రాయి తగిలి పగలకుండా పొట్టేలు కొమ్ము పట్టీని కర్ర మేకులతో బిగించేవారు. కొమ్మును కోసి, చదును చేసి, కర్ర వంపుకు వెంట్రుకవాసి ఎడం లేకుండా కూర్చాలి. ఫిల్ప్ చేతిలో ఆ పని ఎంత పొందిగ్గా కుదిరేదంటే, 1856లో ఆయన పోయాక ఆయన ముద్రతో నకిలీలు బయల్దేరాయి. ఒక పనివాడి పేరుకు దొంగ ముద్రలు పడుతున్నాయంటే ఆ వస్తువు పనిముట్ల బజారు దాటి కళాఖండాల బజారులోకి అడుగుపెట్టిందని అర్థం.

ఇంకా వెనక్కి వెళ్తే ఆండ్రూ డిక్సన్. పదిహేడో శతాబ్దం చివర్లో లీత్ మైదానంలో యార్క్ ప్రభువు ఆడుతుంటే కర్రలు మోసి, బంతి ఎక్కడ పడుతుందో చూసిన కుర్రాడు. పెద్దయ్యాక తానే కర్రలు చెక్కాడు. ఆయన పేరు పొడి అక్షరాలున్న పొడుగు మూతి పట్టర్ 2007 సెప్టెంబరులో న్యూయార్క్ సోథెబీస్ వేలంలో 1,81,000 డాలర్లు పలికింది.

మధ్యలో ఇంకో ఇంజనీరు ఉన్నాడు. ఆర్థర్ నైట్. ఈయనదీ జనరల్ ఎలక్ట్రిక్కే, ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ. కాడను తల చివర కాకుండా నడుమకు దగ్గరగా బిగించి 1903లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు వాల్టర్ ట్రావిస్ ఆ పట్టర్‌తో ఇంగ్లండ్‌కు వెళ్లి బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్ పట్టుకొచ్చాడు. కొన్నేళ్లకు బ్రిటన్ గోల్ఫ్ పెద్దలు ఆ బాపతు పట్టర్లను నిషేధించారు. ఓడినవాళ్ల కడుపుమంటే కారణమని అమెరికన్లు ఇప్పటికీ అంటారు. ఒకే కంపెనీ జీతగాళ్లు ఇద్దరు, అర్ధశతాబ్దం తేడాతో, తమ ఆఫీసుకు సంబంధం లేని వస్తువును మార్చేశారన్నది నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇక విలాసం సంగతి. సోల్‌హైమ్ కంచును పోతపోశాడు. తర్వాతి తరం ఉక్కు దిమ్మను తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది. అలబామాలోని టస్కలూసాలో టి.పి. మిల్స్ అనే ఆయన చేత్తో ఒక్కొక్కటే చేసి అమెరికా అధ్యక్షులకూ ఇచ్చాడు. షికాగో దగ్గర మిషన్ షాపు పనివాడు బాబ్ బెటినార్డి, దిమ్మ నుంచి మెడతో సహా ఏకఖండంగా పట్టర్‌ను మలిచే పద్ధతికి పేరు తెచ్చాడు. 2003లో జిమ్ ఫ్యూరిక్ యూఎస్ ఓపెన్ గెలిచింది ఆయన పట్టర్‌తోనే. కాలిఫోర్నియాలో స్కాటీ కామెరన్ చిన్నతనంలో తండ్రితో కలిసి గ్యారేజీలో పట్టర్లు సానబట్టేవాడు. 1993లో బెర్న్‌హార్డ్ లాంగర్ ఆయన పట్టర్‌తో మాస్టర్స్ గెలిచాడు. మరుసటి ఏడు టైట్‌లిస్ట్ కంపెనీ కామెరన్‌ను తమలో కలుపుకుంది. అన్నిటికన్నా పెద్ద టోర్నీలను మేజర్లంటారు; టైగర్ వుడ్స్ తన 15 మేజర్ టైటిళ్లలో 14 గెలిచింది ఒకే కామెరన్ పట్టర్‌తో. జర్మన్ స్టెయిన్‌లెస్ స్టీలు, అంచులు పదును, ఆకారం మాత్రం మన పాత ఆన్సర్‌దే. చుట్టరికం ఎక్కడా దాచలేదు.

ఈ పట్టర్ల తయారీలో కంప్యూటరు మిషన్ చేసేది సగమే. కట్టర్ దిమ్మ మీద అటూ ఇటూ నడిచినప్పుడు బంతిని తాకే ముఖం మీద వెంట్రుకంత గాళ్లు పడతాయి. కొందరు వాటిని అలాగే ఉంచుతారు, కొందరు నున్నగా రుద్దేస్తారు. తర్వాతిది చేతిపని. ఆకురాయితో అంచుల గరుకు తీయాలి. అక్షరాల పంచ్‌లు ఒక్కొక్కటిగా ఆనించి సుత్తితో కొట్టాలి. ఒక్క దెబ్బకే అక్షరం దిగాలి. రెండో దెబ్బ కొడితే నీడలా జంట గీత పడుతుంది, ఆ తల తుక్కుకే. సరిగ్గా దిగినా ఏదో ఒక అక్షరం కాస్త ఓరగా ఉంటుంది. సేకర్త భూతద్దం పెట్టి వెతికేది దాన్నే, మనిషి కొట్టాడనడానికి గుర్తు కనక. ఆ గాట్లలోకి సిరంజితో రంగు నింపుతారు. కొన్ని తలలను మంటతో కాల్చి నీలం, ఊదా రంగులు తెప్పిస్తారు.

ఇలా చేసిన వాటిలో చాలా మటుకు జీవితంలో ఒక్క బంతినీ తాకవు. అద్దాల బీరువాలో ఉండిపోతాయి. పుంగనూరు వాళ్లకు ఈ వ్యవహారం వింతగా తోచదు. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే పుంగనూరు ఆవు కరువు సీమలో కాస్త మేతతో బతికి, చిక్కటి పాలిచ్చే సంసారపక్షం పశువు. కనుమరుగయ్యే దశలో పలమనేరు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఇంకా పొట్టిదైతే ఇంకా ఎక్కువ ధర. లక్షలు పోసి కొని నట్టింట్లో తిప్పుతున్నారు. పాలెన్నిస్తుందని అడిగేవాళ్లు తగ్గారు.

టైగర్ అసలు పట్టర్ ఎవరికీ అమ్మలేదు. ఆయన కోసమని తయారై, అక్కరకొస్తుందని పక్కన పెట్టిన జోడు పట్టర్ ఒకటి 2021లో వేలానికి వస్తే 3,93,300 డాలర్లు పలికింది. అదే ఆకారం, అదే పనితనం ఉన్న పట్టర్ దుకాణంలో కొన్ని వందల డాలర్లకు వస్తుంది. మిగతా డబ్బు దేనికి? మదనపల్లె వాళ్లు ఈ ప్రశ్నకు తడుముకోరు. 1919 ఫిబ్రవరిలో బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉండగా రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చి స్వదస్తూరితో రాశాడు. మార్గరెట్ కజిన్స్ స్వరాలు కట్టింది. ఆ మాటలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, పాటైతే ప్రతి బడిపిల్లకూ నోటికొచ్చు. అయినా ఆ చేతిరాత కాగితం వేరు. ఆ చెయ్యి ఆ కాగితాన్ని తాకింది.

సేకర్తలు మోజుపడే ఇంకో రకం డమాస్కస్ పట్టర్లు. రెండు రకాల ఉక్కు రేకులను పొరలు పొరలుగా పేర్చి, కాల్చి, అతికించి, మెలిపెట్టి దిమ్మ చేస్తారు. దాన్ని పట్టర్‌గా చెక్కి ఆమ్లంలో ముంచితే ఒక ఉక్కు నల్లబడి, రెండోది తెల్లగా మిగిలి నీటి అలల్లాంటి చారలు తేలతాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ ఆ పేరుకు కీర్తి తెచ్చిన అసలు కత్తుల లోహం ఇలా అతికించింది కాదు. దానికి ముడిసరుకు మన నేల నుంచి వెళ్లింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందులో ఇనుము పెట్టి, మూతవేసి, రోజంతా కొలిమిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. మూస పగలగొడితే ఉక్కు ముద్ద. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయ్‌సీ, రెండు వేర్వేరు ఊళ్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్ల లెక్కన కలిపేవారని రాశాడు. పర్షియా వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడే మకాం వేసి సరుకు కొనేవారని కూడా. ఆ ఉక్కులో చారలు పైనుంచి వేసినవి కావు, చల్లారేటప్పుడు లోపలే పుట్టినవి. ఆ తేడా తెలిసిన చేతిపనివాడు ఎవరైనా కోనసముద్రం పద్ధతిలో మూస ఉక్కు తీసి ఒక్క పట్టర్ తల చేస్తే చూడాలని నాకు ఆశ. దానికి ఎంత ధరైనా తగును.

బంగారం మాట మిగిలింది. కుప్పంలో బంగారపేట వైపు రైలెక్కితే గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం స్టేషన్లు వస్తాయి. ఆ వైపు భూమి కింద కోలార్ బంగారు రాయి పొర సాగుతుంది. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఇంగ్లీషు ఇంజనీర్లు కోలార్ గనుల దగ్గర బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వెళ్లినవాళ్లు భూమి కిందికి దిగారు. బిసానత్తం, చిగురుగుంటల్లోనూ గనులు నడిచాయి. తర్వాత గనులను నడిపిన ప్రభుత్వ కంపెనీ 2001లో మూతపడ్డాక అన్నీ ఆగిపోయాయి. గోల్ఫ్‌కూ బంగారానికీ మా వైపు ఉన్న చుట్టరికం అంతే, అదీ పై మెట్టు వాళ్లదీ కింది మెట్టు వాళ్లదీ.

ఫీనిక్స్‌లో ఆ చుట్టరికం ఇంకో రకం. పింగ్ పట్టర్‌తో ఎవరైనా వృత్తి టోర్నీ గెలిస్తే, కంపెనీ అచ్చంగా అలాంటివే రెండు పట్టర్లు చేసి బంగారు పూత వేస్తుంది. ఒకటి గెలిచినవాడికి, రెండోది కంపెనీ భద్రపరిచే గదికి. మేజర్ గెలిస్తే పూత కాదు, మేలిమి బంగారమే. ప్రతిదాని మీదా ఆటగాడి పేరు, టోర్నీ పేరు చెక్కుతారు. గోడల నిండా వరసలు కట్టిన ఆ పట్టర్లను చూసేందుకు జనం వెళ్తారు. వేమన సీమలో పుట్టినవాడిని కాబట్టి నాకు వెంటనే తట్టేది ఒకటే: బంగారానికి కంచు గొంతు రాదు. ఏ మోత పేరుతో కంపెనీ పుట్టిందో ఆ మోత మేలిమి పట్టర్‌లో ఉండదు. ఉండాల్సిన పనీ లేదనుకోండి, దాంతో ఎవరూ ఆడరు.

హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల పింగ్ కర్రలతో ఆడతాడు. 2022లో అదే ఫీనిక్స్ ప్రాంతంలో జరిగిన టోర్నీలో చివరిరోజు దాకా ముందుండి, పదిహేడో గుంత దగ్గర కొట్టిన బంతి నీళ్లలోకి దొర్లడంతో మొదటి టైటిల్ చేజారింది. అమ్మానాన్నల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో నాపా లోయలో జరిగిన ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌ను 21 అండర్ పార్‌తో, రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. గోడకెక్కేవి నకళ్లు. ఏ ఆటగాడైనా గెలిచిన అసలు పట్టర్‌ను తుడిచి మళ్లీ సంచిలోనే పెట్టుకుంటాడు, వచ్చే గురువారం ఇంకో టోర్నీ ఉంటుంది.